పాల మీద పడ్డ నింద

ఆకాశానికి స్తంభాలు నిలపకుండా కప్పు వేసినవాడు, ఎండిన ఇసుక అడుగున నీటి ఊటను దాచి ఉంచినవాడు, బిడ్డ భూమి మీద పడకముందే తల్లి రొమ్మున పాలు సిద్ధపరచినవాడు, మనిషి దాచుకున్నదీ బయటపెట్టినదీ సమానంగా ఎరిగినవాడు అయిన ఆ ఒక్క దేవునికి సాగిలపడి, ఆయన పంపిన ప్రవక్తకు శాంతి పలికి, ఈ కథ మొదలవుతున్నది. చెప్పే నాలుక తప్పితే కరుణామయుడు సరిదిద్దుగాక.

యుద్ధానికి నేల వదలి వచ్చి ఎడారిలో గుడారాలు వేసుకున్న సహరావీల శిబిరంలో తెస్లెం ఆరోగ్యానికి పెట్టింది పేరు. పిండి లారీ వచ్చిన రోజున తక్కిన ఆడవాళ్ళు ఇద్దరేసి కలిసి మోసే బస్తాను ఆమె ఒక్కతే వీపున వేసుకుని, ఒంటికి చుట్టుకున్న మెల్హఫా చెంగు పళ్ళ మధ్య కరచిపట్టి, నవ్వుతూ నడిచిపోయేది. ముప్పై ఏళ్ళ జీవితంలో వైద్యశాల గడప తొక్కి ఎరుగదు. కూతురు గాలియాను కన్ననాడు కూడా మంత్రసాని వచ్చేలోపలే కని, ఆమెకు టీ తానే కాచి ఇచ్చిందని చెప్పుకుంటారు. అందులో కొంత అతిశయం ఉండవచ్చు గాని, విన్నవారెవరూ అబద్ధమని కొట్టివేయలేదు.

ఆమె పుట్టుక మాత్రం సుఖమైనది కాదు. యుద్ధం తరుముతున్న చలికాలంలో, ఎడారిలో నడుస్తూ నడుస్తూ, ఒక ముళ్ళచెట్టు చాటున ఆమె తల్లి ఆమెను కని కన్నుమూసింది. పక్కన నాలుగేళ్ళ కొడుకు లారోసి, పాలు మరచి రెండేళ్ళు దాటినవాడు, తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అదే గుంపులో ఎంగియా అనే పడుచు తన మూడు నెలల కూతురు నుయేనాను రొమ్మున కట్టుకుని నడుస్తున్నది. ఆమె ఎవరినీ అడగలేదు, ఎవరూ ఆమెను అర్థించలేదు. తన బిడ్డను ఎడమవైపుకు జరిపి, కుడివైపు రొమ్ము ఈ పసిగుడ్డుకు ఇచ్చింది. ఆనాటి నుంచి రెండేళ్ళపాటు ఆ కుడిరొమ్ము తెస్లెందే. మన ధర్మంలో పాలబంధం రక్తబంధంతో సమానం. కనుక ఎంగియా ఆమెకు అమ్మ, నుయేనా అక్క. అందులో మారుమాట లేదు.

ఆ నుయేనాకు గోధుమజబ్బు ఉన్నది. శిబిరంలో చాలామంది పిల్లలకు ఉన్నట్టే ఆమెకు చిన్ననాడే తేలింది. సీలియాక్ అని వైద్యులు పెట్టిన పేరు ఎవరి నాలుకకూ సరిగా తిరగదు. దానం వచ్చే గోధుమపిండే బతుకైన చోట, ఆ పిండే కొందరి పేగును లోపల కొరికివేస్తుందని చెప్పితే మొదట్లో ఎవరు నమ్ముతారు? ఎంగియా నమ్మింది. గోధుమ లేని ప్రత్యేకపు పిండితో, విరిగిపోయే ఆ పిండితో, పాతికేళ్ళుగా కూతురికి రొట్టె కాలుస్తూ ఆమెను నిలబెట్టుకున్నది.

ఒక వసంతకాలంలో ఇటలీ నుంచి వైద్యులు వచ్చారు. రెండేళ్ళ కిందట కూడా వచ్చారు. అప్పుడు ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వండని అడిగితే, పడుచువాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళి ఇచ్చి వచ్చారు. ఈసారి జబ్బు ఉన్నవారి తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు రావాలని చాటించారు. తెస్లెం వెళ్ళి ఆ వరుసలో నిలబడింది.

“నువ్వెందుకే ఈ వరుసలో? నీకు గుచ్చితే సూదే వంగిపోద్ది,” అంది వెనక నిలబడ్డ ముసలావిడ.

“నుయేనా మా అక్క. చెల్లెళ్ళు రావాలన్నారుగా.”

“నీ రంగు చూసి ఆ డాక్టరు పెళ్ళాడతానంటాడు చూడు!”

“ముందు వాడికి టీ కాయడం నేర్పాలత్తా. వాడు కాచిన టీ ఇందాక తాగా. నాకు జబ్బొస్తే దానివల్లే వస్తది.”

వరుసంతా నవ్వింది. నర్సు మన ఆడపడుచే. తల ఎత్తకుండానే “నుయేనాకి ఏమవుతావు?” అని అడిగి, “చెల్లెలు” అన్న జవాబు విని, కాగితంలో చెల్లెలు అనే రాసింది. అలా రాయడం తప్పని ఆమెకు తోచలేదు. చెల్లెలు కాకపోతే మరేమని రాస్తుంది? ఆ మాట వెనక రక్తం ఉన్నదా పాలు ఉన్నవా అని అడగాలని ఇటలీవారికీ తెలియదు.

నెల తిరగకుండా కబురు వచ్చింది. తెస్లెం రక్తంలో గోధుమజబ్బు ఆనవాళ్ళు ఉన్నవి.

“నాకా?” అంది తెస్లెం. “నాకు కడుపునొప్పి అంటే ఏంటో తెలీదు. కాగితాలు తారుమారు చేసుంటారు.”

“రెండుసార్లు చూశారమ్మా,” అంది నర్సు. “నొప్పి లేకుండా కూడా ఉంటది ఇది. లోపల దాని పని అది చేసుకుంటా పోద్ది. రాయిలాగా ఉన్నామని కిందటిసారి వచ్చినోళ్ళ వరుసలో కూడా నూరుమందికి అయిదారుగురు తేలారు. నీ పిల్లని కూడా తీసుకురా.”

అయిదారుగురు అన్న మాట తెస్లెం చెవిని తాకిందే గాని లోపలికి దిగలేదు. పిల్ల అన్న మాట మాత్రం గుండెలో దిగబడింది. గాలియాకు తొమ్మిదేళ్ళు. ఆరేళ్ళ పిల్లల పక్కన నిలబెడితే వారితో సమానంగా ఉండేది. రెండేళ్ళుగా పొట్ట ఉబ్బి, చేతులు పుల్లలై, నీడకు కూర్చుని ఆటలు చూసే పిల్ల. దిష్టి అన్నారు, తాయెత్తు కట్టారు. తెస్లెం భర్తతో విడిపోయిన దిగులు పాపం పిల్లకు తగిలిందన్నారు. పిల్ల రక్తం చూసిన నర్సు ఈసారి కాగితం మడిచి తెస్లెం చేతిలో పెట్టి, “దీనికీ ఉంది” అని భుజం నిమిరింది.

ఆ రాత్రి తెస్లెం తన శరీరాన్ని తాను పరాయిదానిని చూసినట్టు చూసుకున్నది. ముప్పై ఏళ్ళు నమ్మి బరువులు మోయించిన ఒళ్ళు ఇది. నవ్వుతూ, నిగనిగలాడుతూ, ఒక్కనాడైనా మూలగకుండా, లోపల ఈ మోసం దాచుకున్నది. దాచుకుని బిడ్డకు అందించింది. మరి తనకు ఎవరు అందించారు? ఆ ప్రశ్నకు జవాబు కోసం ఆమె దూరం పోలేదు. తనను నుయేనా వరుసలో నిలబెట్టినది ఏది? పాలు. జబ్బు ఉన్న గుడారం ఏది? ఎంగియాది. ఆలోచన ఒకసారి ఆ దారి పట్టిన తరువాత వెనక్కి తిరగలేదు.

మరునాడు మధ్యాహ్నం ఎంగియా గుడారంలో నలుగురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు టీకి కూర్చుని ఉన్నారు. లారోసి కూడా ఉన్నాడు. ఒంటెపందేల్లో పేరు మోసిన ఆటగాడు, నవ్వితే అందగాడు, పెళ్ళి మాటలు నడుస్తున్నవాడు. ఇసుకలో కాల్చిన గోధుమరొట్టె తుంచుకుంటూ, రెండో గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

తెస్లెం చెప్పులు విప్పకుండానే గుడారం వాకిట నిలబడింది.

“అమ్మా, నీకు తెలుసా తెలీదా?”

“ఏంటే? కూర్చో ముందు.”

“కూర్చోను. నీ ఇంట్లో ఈ జబ్బుంది. నీ బిడ్డకుంది. తెలిసుండి నాకు పాలిచ్చావా, తెలీకిచ్చావా? నీ పాలు నాలోకి పోయినయి, నాలోంచి నా పిల్లలోకి పోయినయి. నా పిల్ల నీడన కూర్చుంటంది చూడు, అది నీ పాల మహిమ!”

ఆడవాళ్ళు గ్లాసులు కింద పెట్టారు. ఎంగియా ముఖంలో రంగు మారలేదు. ఆమె రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని అన్నది:

“ఆరోజు నా దగ్గర ఉన్నదంతా ఇచ్చా తల్లీ. ఏమీ దాచుకోలా. అందులో ఏముందో ఆ దేవుడికి తెలియాలి.”

“దేవుడికి తెలుసు. ఇప్పుడు నాకూ తెలిసింది. ఇకమీద నీ వాకిట్లో నా అడుగు పడదు.”

తెస్లెం అన్న వైపు చూసింది, ఒక్క మాట అంటాడని. లారోసి గ్లాసులో నురగ వైపు చూస్తూ రొట్టె నములుతున్నాడు. అతని మౌనాన్ని ఆమె తన పక్షమనుకున్నది. నిశ్చింతగా వెనుదిరిగింది.

ఆ తరువాత ఏడు నెలలు ఆ రెండు గుడారాల మధ్య ఇసుకలో అడుగుజాడ పడలేదు. మాట మాత్రం నడిచింది. ఎంగియా పాలు చెడ్డవని మొదట గుసగుసగా, ఆపైన గొంతెత్తి అనుకున్నారు. ఆమె పాలు తాగి పెరిగిన మరి ఇద్దరు పిల్లల తల్లులు పలకరింపు మానివేశారు. ఎంగియా ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు.

తెస్లెంకు కష్టం వేరొక రూపంలో వచ్చింది. ప్రత్యేకపు పిండి నెలనెలా తెచ్చుకునేది గాని, ఆ పిండి ఆమె చేతికి లొంగలేదు. గోధుమలో ఉండే బంక అందులో లేదు. ముద్ద చేస్తే పగులుతుంది, వేడి ఇసుకలో పెడితే ముక్కలై ఇసుకతో కలిసిపోతుంది. గాలియా ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మివేసేది. “మట్టి తింటున్నట్టుందే అమ్మా!” అనేది. ఆపైన పక్క గుడారాలలో గోధుమరొట్టె అడుక్కుని తిని, ఇంటికి వచ్చి పొట్ట పట్టుకుని ముడుచుకునేది. తల్లి కొట్టింది, బతిమాలింది, ఏడ్చింది. ఆ పిండితో రొట్టె నిలబెట్టే చెయ్యి శిబిరంలో ఒక్కటే ఉన్నదని ఆమెకు తెలుసు. ఆ వాకిలి మూసినది తానేనని కూడా తెలుసు. కోపం ఉన్నంతవరకు మనిషికి పట్టుదల భోజనం పెడుతుంది, పిల్లకు పెట్టదు.

ఎనిమిదో నెల పిండికి వెళ్ళినప్పుడు, గిడ్డంగి చూసే మహ్జూబా చీటీలో వేలితో వెతుకుతూ, మామూలుగా అన్నది:

“నీదొకటి, పిల్లదొకటి. ఎటూ వచ్చావు కదా, మీ అన్నది కూడా పట్టుకుపో.”

“మా అన్నదేంటి?”

“లారోసిదేనే. రెండేళ్ళు దాటింది చీటీలో పేరెక్కి. ఒక్కసారన్నా మొహం చూపిస్తేగా! ప్రతి నెలా నేను ఎదురుచూడటం, ఆయనగారు రాకపోవడం, చివరికి ఇంకో ఇంటికి ఇచ్చెయ్యడం. పందెపు ఒంటె మీంచి కాలు కింద పెట్టడా ఏంటి మీ వీరుడు?”

మహ్జూబా తెస్లెం ముఖం చూసి వేలు చీటీ మీదనే ఆపింది.

“నీకు తెలుసనుకున్నా. వల్లా, దేవుడి మీద ఒట్టు, తెలుసనుకున్నానమ్మా. సొంత చెల్లెలివి... కిందటిసారి ఇటలీవాళ్ళు పిలిచిన ఆరోగ్యవంతుల వరుసలో నిలబడ్డాడుగా అప్పుడు, అందులో తేలింది.”

మూడు సంచులు తెస్లెం వీపు మీద ఉన్నవి. ఎప్పుడూ ఎరుగని బరువు. నడుస్తూ ఆమె ఒక్క లెక్కే వేసుకున్నది. అమ్మ పోయేనాటికి లారోసికి నాలుగేళ్ళు. పాలు మరచి రెండేళ్ళు. ఎంగియా రొమ్ము వాడి పెదవికి ఎన్నడూ తగలలేదు. ఒక్క చుక్క లేదు. పాలు తాగని వాడిలోనూ ఈ జబ్బు ఉన్నదంటే అది పాలలో నుంచి రాలేదు. తండ్రి నుంచో, ముళ్ళచెట్టు కింద పోయిన ఆ తల్లి నుంచో, తమ రక్తంలోనే వచ్చింది. నర్సు చెప్పిన ఆ అయిదారుగురిలో ఒకడు తన ఇంట్లోనే కూర్చుని రొట్టె నములుతున్నాడు.

లారోసి తన గుడారం ముందు ఒంటె మోకాలికి నూనె రాస్తున్నాడు. ఆమె సంచిని అతని పాదాల ముందు పడవేసింది.

“ఏంటిది?”

“నీ పేరే రాసుంది, చదువుకో.”

అతడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “మెల్లగా. ఎవరు చెప్పారు నీకు?”

“సంచి చెప్పింది. నువ్వే చెప్పలా.”

“చెప్పడానికేముంది? ఆరోగ్యంగా ఉన్నోళ్ళు రండన్నారు, వెళ్ళాం. ఎవడు రక్తం చూసి కళ్ళు తిరిగి పడతాడో అని నవ్వుకుంటా వెళ్ళాం. ఆరోగ్యవంతుడని పిలిచి రోగివని తిరిగి పంపితే నేనెట్టా ఒప్పుకునేది? ఆ వారమే పందెంలో మొదట వచ్చా చెల్లీ. మొదట వచ్చినోడికి జబ్బేంటి?”

“ఇంట్లోవాళ్ళని కూడా చూపించమని నీకు చెప్పలేదా నర్సు?”

లారోసి నూనెగుడ్డ మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

“చెప్పింది.”

“అప్పటికి గాలియాకి ఏడేళ్ళు. అప్పటికి దాని పొట్ట ఇంకా ఉబ్బలేదు. అప్పుడే తెలిసుంటే...” ఆమె ఆగిపోయి, మళ్ళీ అందుకున్నది. “సరే, అది సిగ్గనుకుందాం. ఆరోజు అమ్మ గుడారంలో నువ్వున్నావు. నేనా మాట అంటంటే నువ్వు ఎదురుగా కూర్చుని నములుతున్నావు. నువ్వు ఆవిడ పాలు తాగలేదని నీకు తెలుసు.”

“తెలుసు.”

“ఒక్క చుక్క తాగలేదని తెలుసు!”

“తెలుసన్నాగా!” అని అరిచి, వెంటనే అతడు తగ్గాడు. “నన్నేం చెయ్యమంటావు? పాలవల్ల అన్నది నువ్వే. పాలవల్ల అంటే మన నాన్న రక్తం మీద మాట రాలేదు. పిల్లనిచ్చేవాళ్ళు మీ రక్తం ఎట్టాంటిదని అడుగుతారు, పాలెట్టాంటివని అడగరు. నువ్వు దారి చూపించావు, నేను నోరు మూసుకున్నా. అంతే.”

తెస్లెం ఒక అడుగు వెనక్కి వేసింది. తన ఒళ్ళు ద్రోహం చేసినప్పుడు ఇంత నొప్పి లేదు. ఎందుకంటే ఒంటికి మనసు లేదు. వీడికి ఉన్నది. అయినా ఆమె అతనిని తిట్టలేకపోయింది, అతని చివరి మాటలో ఒక నిజం ఉన్నది గనుక. పాలే కారణమని అనుకున్న రాత్రి తన గుండె కూడా కొంత తేలికపడింది. తప్పు మరొకరి గుడారంలో ఉన్నదని తేలితే మనిషి ఎంత హాయిగా నిద్రపోతాడో ఆమెకు ఆ రాత్రే తెలిసింది. అన్న దాచినాడు, తాను మోపింది. నింద మోసినది మాత్రం నడిచే దారిలో అడగకుండా పాలు ఇచ్చిన ఆడది.

“పెళ్ళి చేసుకో అన్నా,” అంది చివరికి. “నీ పేరు నా నోటెంట రాదు. కానీ నువ్వు తాగని ఆ పాలకి నువ్వు బాకీ పడ్డావు. తాగినదాన్ని నేను ఎట్టా తీర్చుకుంటానో నాకు తెలీదు, తాగనోడివి నువ్వెట్టా తీర్చుకుంటావు?”

సంచి అక్కడే వదలి, ఆమె తిన్నగా ఎంగియా గుడారానికి నడిచింది. ఈసారి చెప్పులు వాకిటికి పది అడుగుల దూరానే విడిచింది. ఎంగియా వెనకవైపు నిప్పులు తోసి వేడి ఇసుకలో రొట్టె పరుస్తున్నది. నుయేనా పక్కన కూర్చుని గిన్నెలో ఏదో కలుపుతున్నది. తెస్లెం వంగి ఆమె నెరిసిన తలపై పెదవి ఆనించబోతే, ఎంగియా తల పక్కకు జరుపుకున్నది.

“లోపలికొచ్చి మెల్లగా చెప్పేదైతే నాకొద్దు,” అన్నది. “ఆరోజు నలుగురిలో అన్నావు.”

“నలుగురిలోనే చెప్తానమ్మా. పాలలో లేదు. మా రక్తంలో ఉంది.”

“ఎట్టా తెలిసింది?”

తెస్లెం నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నది. ఎంగియా ఆమె ముఖాన్ని చాలాసేపు చూసింది. ముప్పై ఏళ్ళు చూసిన ముఖం. అందులో ఎవరి పేరు అణగి ఉన్నదో చదవడానికి ఆమెకు అక్షరాలు అవసరం లేకపోయినవి.

“ఓహో. రొట్టె నమిలినవాడా,” అన్నది. రొట్టె మీదకు వేడి ఇసుక తోసింది.

పిండి లారీ వచ్చిన రోజున, ఆడవాళ్ళంతా బస్తాల చుట్టూ చేరినప్పుడు, తెస్లెం ఒక బస్తా మీదకు ఎక్కి నిలబడి చెప్పింది. ఎంగియా పాలు నిర్దోషమైనవని, జబ్బు తన పుట్టింటి రక్తంలోనే ఉన్నదని, తాను పలికినది అపనింద అని మూడుసార్లు చెప్పింది. అన్న పేరు ఎత్తలేదు. పలకరింపు మానివేసిన తల్లులు తలలు వంచుకున్నారు. నర్సు ఆ మాట విని, కాగితం తీసి, కొంచెం నొచ్చుకుంటూ అన్నది:

“అయితే నుయేనాకి చెల్లెలని రాసింది తప్పయిందమ్మా. రక్తం వేరు కాబట్టి నీ పేరు ఇక్కడ కొట్టేసి, జబ్బు తేలినా సరే, సంబంధం లేని ఆరోగ్యవంతులుగా వచ్చినోళ్ళ వరుసలో రాయాలి.”

సంబంధం లేని అన్న మాటకు తెస్లెం చటుక్కున తల తిప్పింది. ఆమె ఎంగియా వైపు చూసింది.

“కొట్టెయ్యి తల్లీ,” అంది ఎంగియా నర్సుతో. “కాగితంలో కొట్టెయ్యి. నా గుడారంలో కొట్టెయ్యడానికి మీ ఇటలీ డాక్టర్ల దగ్గర కలం లేదులే.” ఆపైన తెస్లెం వైపు తిరిగి, ఏడు నెలల తరువాత మొదటిసారి గదమాయించింది. “దిగవే బస్తా మీంచి! అన్నం గంజి చిక్కగా కాచి, చల్లారాక పిండిలో పోసి పిసికావా ఎప్పుడన్నా? లేదు కదూ? అందుకే విరుగుతంది. సాయంత్రం పిల్లని తీసుకురా.”

ఆ సాయంత్రం గాలియా విరగని రొట్టె తిన్నది. ఇంకొకటి కావాలన్నది. ఎంగియా తెస్లెం వైపు చూడకుండానే పిల్లకు రెండో రొట్టె ఇచ్చింది. ఆమె చూపు తెస్లెం మీద నిలవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. క్షమ పలకడానికి ఒక్క మాట చాలు, నమ్మకం మళ్ళీ పుట్టడానికి మాటలు చాలవు.

లారోసి గుడారం ముందు ఆ సంచి నాలుగు రోజులు అలాగే ఉన్నది. దాని మీద ఇసుక పేరుకుంది. దారిన పోయేవారు చూశారు, చదవగలిగినవారు చదివారు. అయిదో రోజున అది అక్కడ లేదు. ఆ ప్రాంతపు మేకలు అట్టపెట్టెలు కూడా తినేవి. కనుక సంచిని లోపలికి తీసుకున్నది మనిషో, మేకో తెస్లెం అడగలేదు. అతని పెళ్ళి విందులో ఆమె ఆడవాళ్ళ పక్కన కూర్చుని పాటకు చప్పట్లు కొట్టింది గాని, అన్న తుంచి అందించిన రొట్టె వైపు చెయ్యి చాచలేదు.

ఈ కథ చెవిన పడ్డ ప్రతివారి ఒంటికీ లోపలా బయటా ఒకే ఆరోగ్యం కలుగుగాక. వారి పాత్రలో రొట్టె వారికి మేలే చేయుగాక. తెలిసిన నిజాన్ని ఆప్తుల ముందు మింగివేయని నాలుకను దేవుడు వారికి ప్రసాదించుగాక. పాలు ఇచ్చిన తల్లులందరి మీద ఆయన కరుణ ఎండాకాలపు వానలా కురియుగాక. ఆమీన్.